మంద విప్పిన మా యారాలు

మొన్న మంగళవారం పొద్దున మా యారాలు పోయింది. నేను కొన్నాళ్లకని మనవరాలి ఇంటికి వచ్చి ఉన్నాను, కబురు ఫోనులో వచ్చింది. ఆమె కొడుకే చేశాడు. "సిన్నమ్మా, అమ్మ పోయింది. చాయ్ పెట్టుకరా అన్నది. నేను తెచ్చేసరికి గోడకు ఒరిగి ఉన్నది. నిద్ర పోతాంది అనుకున్న" అన్నాడు. నేను "గాలి ఏ దిక్కు నుంచి వస్తాందిరా?" అని అడిగానట. అలా అడిగినట్టు నాకు గుర్తు లేదు, వాడే చెప్పాడు. అడిగే ఉంటాను. ఇన్నేళ్లూ ఆమె పొద్దున లేవగానే నన్ను అడిగిన మొదటి మాట అదే కదా.

యారాలు అంటే తోడికోడలు. మా దేవరకొండ దిక్కున అలాగే అంటాం. ఆమె ఆ ఇంటికి పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను పోరీ అనేది. నాకు మనవరాళ్లు పుట్టి, వాళ్లకు పెళ్లిళ్లయినా నేను ఆమెకు పోరినే.

ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. మెత్తని మనిషి, శాంతమూర్తి అని రాస్తే అబద్ధమవుతుంది. ఆమె చేతిలో ఎప్పుడూ కట్టె ఉండేది. నోట్లో తిట్టు సిద్ధంగా ఉండేది. ఆమె బతుకులో దెబ్బలు చాలా ఉన్నాయి. కొన్ని తిన్నవి, కొన్ని వేసినవి. వాటిని దాచిపెడితే ఇక చెప్పడానికి ఆమె మిగలదు.

నేను పానగల్ నుంచి ఆ ఇంటికి వచ్చింది యాభైలలో. మా నాయిన నన్ను కొన్నాళ్లు బడికి పంపాడు కాబట్టి నాలుగు అక్షరాలు వచ్చు గానీ, గొర్రెను పట్టుకోవడం రాదు. అత్తగారి ఊరు దేవరకొండ గుట్టకు అవతల చిన్న పల్లె. రాళ్ల నేల. జొన్న, ఆముదం, గొర్లు, అంతే. ఇంట్లో మా అత్త, ఆమె ఇద్దరు కొడుకులు, మేమిద్దరం కోడళ్లం. పెద్ద కొడుకు, అంటే మా యారాలి మొగుడు, నాకు బావ. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన మనుషుల మీద చేయెత్తడం నేను ఒక్కసారే చూశాను. దాని గురించి చెబుతాను.

నేను వెళ్లిన రెండో ఏడు వానలు మొహం చాటేశాయి. మబ్బు పడమటి నుంచి వచ్చేది, మా నెత్తి మీది నుంచే పోయేది, చినుకు రాలేది కాదు. బావులన్నీ ఎండిపోయి ఊరవతల ఒకటే మిగిలింది. దాని దగ్గర రోజూ కొట్లాటే. ఒకరోజు మా గొర్ల వంతు రాగానే, ఒక ఆసామి దగ్గర పనిచేసే జీతగాడు మా తొట్టిని కాలితో తన్ని ఒలకబోశాడు. "గొర్లకు తాపే నీళ్లు లేవు, పో" అన్నాడు. మా యారాలు చేతిలోని ఇనుప బొక్కెనతో వాడి నుదుటి మీద కొట్టింది. రక్తం వాడి కళ్లలోకి కారుతుంటే, అదే బొక్కెన మళ్లీ బావిలోకి వదిలి నీళ్లు చేది, మొదట వాడి మొహం కడిగింది, తర్వాత గొర్లకు పోసింది. "నీకు కొంచెం, వాటికి కొంచెం. సరిపాయెనా?" అంది. ఆమె బొక్కెన తాడు చుట్టుకుంటూ నా దిక్కు చూసి, "ఏందే పోరీ, నిలబడ్డవ్? తోలుకరా" అంది.

ఆ ఏడు గడ్డి కూడా లేకపోవడంతో, ఎప్పుడూ కోతలయ్యాక పోయే వలస ముందే మొదలుపెట్టాం. కరువు పడ్డప్పుడు మా దిక్కు గొర్లకాపరులు కృష్ణ కింది ఊళ్లకు పోతారు. కోసిన వరి మళ్లలో మందను పడుకోబెడితే ఆ ఎరువుకు రైతులు గింజలు ఇస్తారు, జీవాలకు మేతా దొరుకుతుంది. అత్తను ఇంట్లో ఉంచి, మేం నలుగురం, అప్పటికి చంటివాడైన మా యారాలి కొడుకు, మంద బయలుదేరాం. మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర పుట్టీలనే గుండ్రటి బుట్ట తెప్పల్లో కృష్ణను దాటి, రోజుల తరబడి నడిచాం.

దిగువకు చేరేసరికి అక్కడ వరి ఇంకా కోతకు రాలేదు. కంకులు వంగి ఉన్నాయి. మందను చూడగానే రైతులు కర్రలతో ఎదురొచ్చారు. "ఈ గట్టు దిగారంటే కాళ్లు విరగ్గొడతాం" అన్నారు. అన్నట్టే ఒకాయన గట్టు దిగిన గొర్రెను నడ్డి మీద కొట్టాడు. అది మళ్లీ లేవలేదు. మా యారాలు కట్టె తీసుకొని ఉరకబోతే మా బావ ఆమె నడుం పట్టి ఆపాడు. "మన ఊరు గాదు. ఆగు" అన్నాడు. అలా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తరుముతూ తరుముతూ మమ్మల్ని సముద్రం ఒడ్డు దాకా నెట్టారు. అక్కడ ఉప్పు నేల. వరి పండదు. మొండి గడ్డి, మొగలి పొదలు, ఒక పెద్ద ఇసుక దిబ్బ, దాని మీద తాటిచెట్లు. దిబ్బ పక్కన సముద్రంలోకి పోయే పాయ. ఎవరికీ అక్కర్లేని జాగా కాబట్టి మమ్మల్ని ఎవరూ వెళ్లగొట్టలేదు.

సముద్రాన్ని మేం చూడటం అదే మొదలు. నాకు భయమేసింది. మా యారాలు మోకాళ్ల దాకా దిగి, దోసిట్లోకి నీళ్లు తీసుకొని నోట్లో పోసుకొని ఉమ్మేసింది. "గిన్ని నీళ్లున్నయి. ఒక్క గొర్రెకు పనికి రావు" అంది. ఆమె గొంతులో ఉన్నది ఆశ్చర్యం కాదు, కోపం. ఎవరో కావాలని నీళ్లను పాడుచేసినట్టు.

తాగే నీళ్లు మాకు చూపించింది చేపలమ్ముకునే ఒక ముసలమ్మ. ఆ దిబ్బ కింద ఆమె గుడిసె. దిబ్బ మీద ఇసుకలో చెలమ తీస్తే తియ్యటి నీళ్లు ఊరతాయని చెప్పింది. సముద్రానికి అంత దగ్గర్లో మంచినీళ్లు. మా యారాలు ఆ ముసలమ్మతో స్నేహం కట్టింది. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. అయినా ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఈమె పాలిచ్చేది, ఆమె చేపలిచ్చేది.

కార్తీకంలో ఒకరోజు, నా పెనిమిటి కోతల తర్వాత మంద పెట్టే పొలాలు మాట్లాడి వస్తానని ఎగువ ఊళ్లకు పోయి ఉన్నాడు. ఆ పొద్దున ఉత్తరం నుంచి గాలి లేచింది. మొదట తాటాకులు విరిగాయి. తర్వాత చెట్లే విరిగాయి. మేం వేసుకున్న గుడారం ఎగిరి ఎటు పోయిందో చూడలేదు. మంద తాళ్ల వల కంచెలో ఒకదాని మీద ఒకటి పడి అరుస్తుంటే మా బావ గుంజలను పట్టుకొని నిలబడ్డాడు. విచిత్రమేమిటంటే, పాయలో నీళ్లు తగ్గిపోయాయి. ఎవరో సముద్రాన్ని అవతలికి లాగినట్టు ఒడ్డు వెనక్కి పోయింది. బురదలో చేపలు కొట్టుకున్నాయి. కొందరు ఆ గాలిలోనే వంగి వంగి నడుస్తూ బుట్టల్లోకి ఏరుకున్నారు.

మధ్యాహ్నం దాటాక గాలి ఒక్కసారిగా ఆగింది. ఆకు కదల్లేదు. పైన ఆకాశం పచ్చగా వెలిగింది. హమ్మయ్య అని నేను కూలబడ్డాను. అప్పుడు ముసలమ్మ నెత్తిన మూటతో దిబ్బ వైపు పోతూ మా దగ్గర ఆగింది.

"ఆగిపోయిందని కూసోమాకండమ్మా. పొద్దుటి నుంచి ఉత్తరపు గాలి సముద్రాన్ని అవతలికి తోసింది. ఇప్పుడు దక్షిణం నుంచి లేస్తది. తోసిందంతా తెచ్చి మన మీద పోస్తది. దిబ్బెక్కండి" అంది. పాయలో చేపలేరే వాళ్లనూ కేకేసి పోయింది. వాళ్లు వినలేదు.

మా యారాలు మా బావ దిక్కు తిరిగి, "మందను విప్పు" అంది.

"గాలి ఆగింది గదా. మంద బెదిరి ఉన్నది. ఇప్పుడు విప్పితే తలోదిక్కు ఉరుకుతయి. ఒక్కటి దక్కది."

"ఉంచితే ఒక్కటి దక్కది. ముసలామె చెప్పింది ఇనలేదా?"

"ఆమె గొర్లు కాసిందా? నేను విప్ప."

ఆమె నడుములోని కత్తి తీసి వల తాళ్లను కోసింది. రెండో తాడు కోస్తుండగా ఆయన కట్టెతో ఆమె కణత మీద కొట్టాడు. నేను చూసిన ఆ ఒక్కసారి అదే. నా చంకలో ఆమె కొడుకు ఉన్నాడు. ఆమె తూలింది. ఒక కన్ను రక్తంతో మూసుకుపోయింది. మరుక్షణం ఆ కట్టెను గుంజుకొని రెండు చేతులతో ఆయన గుండె మీద తోసింది. ఆయన బురదలో వెల్లకిలా పడ్డాడు. ఆమె ఆయన దిక్కు చూడనైనా చూడలేదు. మందకు ముందు నడిచే మేకపోతు కొమ్ము పట్టుకొని దిబ్బ మీదికి ఈడ్చింది. అది కదలగానే గొర్లు దాని వెనక కదిలాయి. ఆయన అనుకున్నట్టు తలోదిక్కు పోలేదు.

సగం ఎక్కాక తల్లి గొర్లు ఆగిపోయాయి. వాటి పిల్లలు కింద, కంచెలోనే, పొద్దున గాలికి మేం బోర్లించి కట్టిన బుట్టల కింద ఉన్నాయి. తల్లులు వెనక్కి తిరిగి అరవడం మొదలుపెట్టాయి. మా బావ అప్పటికి లేచి మొహం తుడుచుకుంటున్నాడు. కింది నుంచే కేకేశాడు. "పోరిని, పిల్లగాన్ని తీస్కొని నువ్వు పైకి పో. గొర్రె పిల్లలను నేను తెస్త."

"ఇడిసెయ్ వాటిని. నువ్వు రా" అంది ఆమె.

"తల్లులు ఆగుతయా?" అని ఆయన బుట్టల దిక్కు నడిచాడు.

అదే ఆఖరు మాట. అప్పుడే దక్షిణం నుంచి గాలి కొట్టింది. పొద్దుటి గాలి దాని ముందు గాలే కాదు. మమ్మల్ని దిబ్బ మీద బోర్లా పడేసింది. తలెత్తి చూస్తే సముద్రం ఒడ్డు దగ్గర లేదు, పొలం మధ్యలో ఉంది. అల విరుగుతుందనుకుంటాం. విరగలేదు. నల్లగా, గోడలాగా, మీద గుడిసెల కప్పులతో, పడవలతో నడిచి వచ్చింది. చేపలేరే వాళ్లు ఒక్క కేక వేసి ఉంటారు. మా బావ నడుము వంచి రెండు చంకల కింద పిల్లలను పట్టుకొని ఉండటం చూశాను. తర్వాత అక్కడ నీళ్లే ఉన్నాయి.

నీళ్లు దిబ్బ మీదికీ వచ్చాయి. ఆమె కొడుకును కొంగుతో గుండెకు కట్టుకుంది. నా జడను తన మణికట్టుకు చుట్టుకుంది. రెండో చేత్తో మొగలి పొద మొదలు పట్టుకుంది. నీళ్లు గుంజినప్పుడల్లా మొగలి ముళ్లు మా ఒళ్లు చీరాయి. దూలం ఒకటి వచ్చి నా వీపును తాకింది. కొట్టుకొచ్చిన ఎద్దు మా మీద పడితే ఆమె కాలితో తన్ని తోసింది. నేను పొదను పట్టుకున్న చేతులు వదిలేశాను. వదిలేశానని నాకు తెలుసు. ఆమె నా జడ వదల్లేదు. జుట్టు కుదుళ్లతో లేచిపోయింది. నా మాడు మీద ఆ చోట ఇప్పటికీ వెంట్రుక మొలవదు. ఎవరైనా అడిగితే మా యారాలు పట్టుకున్న జాగా అని చెబుతాను.

ఇదంతా ఎందుకు జరుగుతుందో చాలా ఏళ్ల తర్వాత నా మనవడు భూగోళం పాఠం చదువుతుంటే విన్నాను. ఎండకు కాగిన సముద్రం పైనున్న గాలికి బలమిస్తుందట. ఆ గాలి గిర్రున తిరుగుతూ తీరం మీదికి వస్తుంది. దాని నడిమధ్యన గాలి ఉండదు. అందుకే ముందు ఒక దిక్కు నుంచి కొట్టి, ఆగి, ఎదుటి దిక్కు నుంచి కొడుతుంది. ఆ తీరంలో సముద్రం లోతు తక్కువ. గాలి తోసుకొచ్చిన నీటికి కిందికి పోయే జాగా లేక పైకి లేచి నేల మీద పడుతుంది. వాడు ఇది చదువుతున్నప్పుడు మా యారాలు పక్కనే కూర్చొని ఆముదాలు దంచుతోంది. "మంచిగ రాసిండ్రు" అంది. రోకలి ఆపలేదు.

తెల్లారి చూస్తే దిబ్బ కింద లోకమే లేదు. వరి లేదు, గట్లు లేవు, ఊళ్లు లేవు. నేల మీద తెల్లగా ఉప్పు నురుగు, దాని మధ్య మనుషులు, పశువులు. మంద సగానికి పైగా దిబ్బ మీద బతికింది. ముసలమ్మ బతికింది. మా బావ మధ్యాహ్నానికి దొరికాడు. మొగలి పొదల కింద, కోసిన వలలోనే చుట్టుకొని ఉన్నాడు. మా యారాలు ఏడవలేదు. కత్తితో వల తాళ్లన్నీ ఒక్కొక్కటే కోసి, ఆయన మొహం మీది ఇసుక కొంగుతో తుడిచింది.

అప్పుడే కొంత దూరంలో ఒకడు చచ్చిపడి ఉన్న ఒక ఆడమనిషి కాలు తన తొడ మీద పెట్టుకొని కొడవలితో కోస్తున్నాడు. వెండి కడియం ఉబ్బిన కాలి నుంచి రావడం లేదు. మా యారాలు లేచి పోయింది. నేను వెనకాల ఉరికాను. ఆమె వాణ్ని పేరు అడగలేదు, తిట్టలేదు. కట్టెతో ఆ కొడవలి పట్టిన చేతిని కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. వాడు పడిపోయినా ఆపలేదు. నేను కాళ్లు పట్టుకొని, "అక్కా, సచ్చిపోతడు. సాలు" అంటే అప్పుడు ఆగింది. వాడు ఏడుస్తూ, "నా పిల్లలు ఆకలితో ఉన్నారమ్మా" అన్నాడు. ఆమె పోయి, చచ్చిన ఒక గొర్రెను ఈడ్చుకొచ్చి వాడి ముందు పడేసింది. "ఇది కోసుకపో. మనుషులను కొయ్యకు" అంది.

ముసలమ్మ, మేమిద్దరం దిబ్బ మీద ఇసుక తోడి మా బావను పెట్టాం. నా పెనిమిటి రెండు రోజులు నీళ్లలో నడిచి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేసరికి అక్కడ ఇసుక కుప్ప ఒకటే ఉంది.

తిరుగు దారిలో కూడా చావులు ఆగలేదు. ఎక్కడ చూసినా ఉప్పు నీటి గుంటలే. దాహంతో గొర్లు వాటి మీద పడేవి. తాగినవి సాయంత్రానికి కాళ్లు తన్నుకొని చచ్చేవి. ఆమె మందకు ముందు ఉరికి, ప్రతి గుంట దగ్గరా నిలబడి, మూతుల మీద కట్టెతో బాది వెనక్కి తరిమేది. ముందు తాను వేలు ముంచి నాకేది. తియ్యగా ఉంటేనే పక్కకు జరిగేది. ఆ అలవాటు ఆమెకు పోలేదు. మొన్నమొన్నటి దాకా ఇంట్లో నల్లా నీళ్లు కూడా ముందు వేలితో నాలుక మీద వేసుకొని, తర్వాతే బిందె పెట్టేది. జీవాలను కట్టేస్తే ఒక్క గుంజుతో ఊడే ముడి వేసేది. ఎవరైనా గట్టి ముడి వేస్తే విప్పి, వేసిన వాళ్ల చేతి మీద ఒకటి కొట్టేది.

ఇల్లు చేరాక మా అత్త కొడుకు కోసం మా వెనక్కి చూసింది. ఆయన లేడని నా పెనిమిటి చెప్పాడు. ఎట్ల పోయిండు అంటే జరిగిందంతా దాచకుండా మా యారాలే చెప్పింది. తాళ్లు కోసిన సంగతి, తోసిన సంగతి కూడా. మా అత్త ఆమె జుట్టు పట్టుకొని గోడకు కొట్టింది. కణత మీద పక్కు కట్టిన పుండు మళ్లీ పగిలింది. బొక్కెనతో జీతగాడి తల పగలగొట్టిన మనిషి, ఆ ముసలి చేతులను అడ్డుకోలేదు. మా అత్త అలిసిపోయి కూలబడే దాకా నిలబడే ఉంది.

తర్వాత కులపెద్దలు కూర్చున్నారు. మంద విప్పి మొగుణ్ని చంపుకుందని, కొడుకును అత్తకు అప్పజెప్పి తల్లిగారింటికి పోవాలని అన్నారు. "నువ్వు విప్పినవా లేదా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

"నేనే విప్పిన. నీళ్లు నేను దేలే" అంది.

ఒకడు చెప్పు తీసుకొని లేచాడు. అప్పుడు నేను మాట్లాడాను. అంతమంది మగవాళ్ల ముందు నోరు విప్పడం నాకదే మొదలు. తలమీద గుడ్డ తీసి, జుట్టు ఊడిన జాగా చూపించాను. "ఈమె విప్పకున్నా ఆయన పోయేటోడే. విప్పకుంటే నేనూ లేను, ఈ పిల్లగాడు లేడు, మా వాకిట్ల నిలబడ్డ ఆ గొర్లూ లేవు. ఆయన తనంత తానే గొర్రె పిల్లల కోసం పోయిండు. నేను చూసిన" అన్నాను. నా పెనిమిటి లేచి నా పక్కన నిలబడ్డాడు. చెప్పు తీసినవాడు కింద పడేశాడు. తీర్పు ఏదీ రాలేదు. ఒక్కొక్కరే లేచి పోయారు. ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. కానీ మా అత్త ఆమె చేతి నీళ్లు ముట్టడం మానేసింది. ఏళ్ల తరబడి అన్నం నేనే పెట్టాను.

రాత్రిళ్లు ఆయన కొట్టిన దెబ్బ గుర్తొస్తదా అని ఒకసారి అడిగాను. "వస్తది. కొట్టింది ఆయనే, పిల్లల కోసం పోయింది ఆయనే. నేను ఒకటి ఉంచుకొని ఒకటి పారెయ్యలేను గద" అంది.

అరవైలలో మళ్లీ కరువు పట్టింది. కార్తీకం వచ్చినా కుంటలో చుక్క లేదు. ఉన్నట్టుండి తూర్పు నుంచి మబ్బు కమ్మింది. ఆపకుండా కొట్టింది. కుంట అలుగు దుంకింది. జనం వానలోనే కేకలు వేస్తూ తిరిగారు. ఊళ్లో ఒక్క రేడియో ఉండేది. తుపాను కృష్ణ దగ్గర తీరం దాటిందని అందులో చెప్పారట. ఆ మాట చెప్పినవాడు కూడా నవ్వుతూనే చెప్పాడు. మగవాళ్లు మా ఇంటికి వచ్చి పొట్టేలును కోద్దాం అన్నారు.

మా యారాలు గడపలో కట్టె అడ్డం పెట్టి నిలబడింది. "ఈ ఇంట్ల కొయ్యొద్దు."

"పిచ్చి లేసిందా? కుంట నిండింది."

"నిండింది. నేనూ తాగుత, నా గొర్లూ తాగుతయి. ఆడ ఎవరో పిల్లల కోసం ఉరికి ఉంటరు. ఈ ఒక్క దినం కొయ్యొద్దు. మీదికొస్తే మాత్రం కొడత."

కొడుతుందని అందరికీ తెలుసు. వెళ్లిపోయారు. మా దిక్కు నేలకు సముద్రం అంటే ఏమిటో ఆ రోజు నాకు అర్థమైంది. పడమటి గాలి మాకు ఎండు మబ్బును పంపిస్తే, తూర్పు సముద్రం మీద వాయుగుండం లేచినప్పుడే మా కుంటలు నిండుతాయి. అక్కడ ఊళ్లు ముంచిన గాలే నేల మీద నడిచి నడిచి, బలం తగ్గి, మా దగ్గరికి వానై వస్తుంది. మా గింజలు ఆ గాలివే.

వాన చూరు నుంచి కారుతుంటే మా అత్త లోపలి నుంచి కర్ర పట్టుకొని వచ్చి గడపలో ఆమె పక్కన కూర్చుంది. ఇన్నేళ్లలో అదే మొదలు. వాన దిక్కే చూస్తూ అడిగింది.

"వాడు ఆఖరుకు ఏమన్నడే?"

"తల్లులు ఆగుతయా, అన్నడు."

"నిన్ను కొట్టినంక?"

"కొట్టినంక."

"భయపడ్డడా?"

"లేదత్తా. బుట్ట ఎత్తి పిల్లలను తీస్తాండు. నీళ్ల దిక్కు చూడలే."

మా అత్త తల ఊపింది. "సిన్నప్పుడు గట్లనే. గొర్రె పిల్ల అరిస్తే కంచం ముందల నుంచి లేచేటోడు" అంది. కొంగుతో మొహం తుడుచుకొని, కాసేపటికి, "ఆకలైతాంది. ఏమన్న పెట్టు" అంది. ఆమె అడిగింది నన్ను కాదు. మా యారాలు లేచి రొట్టె, పచ్చడి తెచ్చింది. రొట్టెను తానే తుంచి మా అత్తకు ఇచ్చింది. ఆ ఇంట్లో మా యారాలు ఏడవడం నేను అప్పుడే చూశాను.

ఆ తర్వాత ఒక కరువు ఏడు మళ్లీ దిగువకు పోవాల్సి వచ్చినప్పుడు, పో అన్నది మా అత్తే. ఈసారి కోతలయ్యే దాకా ఆగి పోయాం. కట్టె పట్టుకొని ముందు నడిచింది మా యారాలు. పాత జాగాకు పోయి చూస్తే మాకు గుర్తుపట్టడానికి ఏమీ లేదు. దిబ్బ లేదు. పాయ సముద్రంలో కలిసే చోటు చాలా దూరం జరిగిపోయింది. ముసలమ్మ ఉంది, నడుం వంగింది. మా యారాలిని చూడగానే గుర్తుపట్టి చేయి పట్టుకుంది.

"దిబ్బ ఏమాయె అవ్వా?"

"అల కోసుకుపోయిందమ్మా. ఏడాదికి కొంత. ఇక్కడి ఇసుక తీసుకుపోయి అదిగో అక్కడ పోసింది" అని ముసలమ్మ దూరంగా కొత్తగా లేచిన తెల్లటి ఒడ్డును చూపించింది. "మీ ఆయన ఉన్న చోట ఇప్పుడు నడుం లోతు నీళ్లు."

మా యారాలు అటు చూసింది. గొర్లకు కాళ్ల గిట్టల్లో పుండ్లు పట్టి ఉన్నాయి. ఉప్పు నీళ్లలో కడిగితే మానతాయని ముసలమ్మ చెబితే, కొంగు నడుముకు దోపి, మేకపోతును కొమ్ము పట్టి ఈడ్చుకుంటూ నేరుగా ఆ నడుం లోతులోకి దిగింది. నేను ఒడ్డు నుంచి ఒక్కొక్క గొర్రెను తోస్తుంటే, ఆమె దాన్ని వీపు పట్టి తిప్పి, కాళ్లు ఎత్తి, గిట్టల సందు వేళ్లతో రుద్ది, వదిలేది. ఎండ బాగా ఉంది. సముద్రం ఆ రోజు మెత్తగానే ఉంది. అయినా మధ్యలో ఒక అల ఆమెను వెనక నుంచి తాకి బోర్లా పడేసింది. గొర్రె చేయి జారింది. ఆమె మునిగి, దగ్గుతూ లేచింది. జుట్టు మొహం నిండా అతుక్కుంది. వెనక్కి తిరిగి, అరచెయ్యి ఎత్తి, నీటి మీద బలంగా ఒకటి కొట్టింది. మళ్లీ ఒకటి. నీళ్లు ఆమె మొహం మీదే చిందాయి. జారిన గొర్రెను చెవి పట్టి దగ్గరికి గుంజి, దాని కాలు ఎత్తి పట్టుకొని, నా దిక్కు చూడకుండానే అంది.

"ఏందే పోరీ, చూస్తున్నవ్? ఇంకోదాన్ని తోలు."